రిమార్కుల గడి

పొద్దున ఏడింటికే జీపు మానేరు గట్టెక్కింది.
చేతిలో కొలత టేపు, కొనకు ఇత్తడి గుండు,
నీళ్లు తాకితే కీచుమంటది.
సంచిలో ఇరవై సీసాలు,
పద్నాలుగు బావుల పట్టిక, బావికొక అడ్డగీత.
చివర్న రిమార్కుల గడి,
నా బొటనవేలి గోరంత.

మొదటిది బోరు. మూత తుప్పుపట్టి కదలలే.
రెండోదాని మోటరు నిన్ననే కాలిందట.
మూడోదాని ఆసామి నన్ను
ఇసుక కంపెనీ మనిషనుకొని చాయ్ పోసిండు,
కాదేమో అనుకొని సగంలనే గ్లాసు తీసుకపోయిండు.
ఆయన తప్పు లేదు.
నా జీతం ఏ సంచిలకెళ్లి వస్తున్నదో
నేనూ ఇన్నేండ్లు గట్టిగ అడగలే.

ఐదో బావి కనకవ్వది.
చేదతాడు నా చేతికిచ్చింది, సదువుకొమ్మన్నట్టు.
కొంత నూలు, కొంత కొబ్బరినార, కొంత నైలాను,
కొసకు ట్రాలీకి కట్టే నీలంతాడు.
నీళ్లు జారినప్పుడల్లా
చేతికి దొరికింది కలిపి ముడేసింది.
"ఇది మా చిన్నోడు పుట్టినేడు.
ఇది అవుతలి రేవుల లారీలు దిగినేడు.
ఇదా, మొన్న హోళీకి."
మా దఫ్తర్ల ఇంత పాత రికార్డు లేదు.
టేపు కీచుమన్నది: తొమ్మిదిన్నర మీటర్లు.
రాసిన.
ముడులకు గడి లేదు.

"అడుగు ఎంతల ఉన్నదవ్వా?"
ఆమెకు ఎరుక లేదు. తవ్వినోడు చెప్పిండు,
ఒడ్డెర ఓదెలు. ఎడమచేతికి రెండు వేళ్లు లేవు,
తూటాకు పోయినయట.
"పన్నెండు గజాలు, బిడ్డా.
ఆడ నల్లరాయి తగిలింది. నెలరోజులు కొట్టినం,
నిప్పులు లేచినయి గని చుక్క రాలే.
ఆడికే ఆపినం."

మిట్టమధ్యాన్నం ఏట్లకు దిగిన.
ఇసుక చెప్పుల్ని దాటి కాలుతున్నది.
పుచ్చతీగల నడుమ మన్విత అనే ఎనిమిదేండ్ల పిల్ల
చెలిమె తోడుతున్నది.
మొదటి నీళ్లు పారబోసి,
తేటపడేదాకా గడ్డం కింద చెయ్యిపెట్టుకొని చూస్తున్నది.
అంత ఓపిక నేను ఏ ల్యాబుల చూడలే.
"ఇండ్ల పెడుతవా?" అన్నది టేపును చూసి.
పెట్టిన. గుండు వదలకముందే కీచుమన్నది.
మూరకు తక్కువే.
పిల్ల పకపక నవ్వి మళ్ల పెట్టుమన్నది.
మళ్ల పెట్టిన.

గట్టు నుంచి ఇసుక దాకా ఎనిమిది మీటర్లు.
ఎనిమిదికి మూరెడు కలిపిన.
కనకవ్వ బావి తొమ్మిదిన్నర.
నీళ్లు ఎటు నడుస్తయో
దీనికి సదువు అక్కెర లేదు.
ఈ ఎండకాలమంతా ఏరే బావికి పెడుతున్నది,
ఇసుక కిందికెళ్లి, ఎవరికీ చెప్పకుండ,
గోడమీంచి పొరుగింటికి
కూరగిన్నె అందిచ్చినట్టు.

అప్పుడు ప్లాను కాయితం ఇప్పిన.
తవ్వకం లోతు: మూడు మీటర్లు.
ఎనిమిదీ మూడూ.
పన్నెండు గజాలను మీటర్లలకు మార్చిన.
తప్పయ్యిందేమోనని మళ్ల మార్చిన.
ఫోనుల లెక్క గూడ అదే చెప్పింది.
నీళ్ల గీత పోయి
ఓదెలు ఆపిన రాయి మీద కూసున్నది.

రాత్రి జమ్మికుంట లాడ్జిల
పంకా ఒక రెక్కతోని మూలుగుతున్నది.
ఆఫీసు నుంచి రిపోర్టు వచ్చింది,
టైపు అయిపోయే ఉన్నది.
చివరి పేజీల
"చెప్పుకోదగ్గ ప్రభావం ఉండదు."
నడుమ అంకెల జాగల చుక్కలు వదిలిండ్రు.
చుక్కలు నింపి పొద్దున పదింటికల్ల పంపాల్నట.
చూడని బావులకు అంచనాగ ఏసెయ్యమన్నడు సారు,
కొత్తగా చెప్తున్నట్టు గాదు,
ఎప్పుడూ చెప్పేదే.

సీసాలు కిటికీల వరుసగ పెట్టిన.
చెలిమె నీళ్లకు నంబరు లేదు,
పట్టికల అది బావి గాదు మరి.
మూతమీద పెన్నుతోని "మన్విత" అని రాసిన.
ఐదో వరుస రిమార్కుల గడిల
"అడుగు పన్నెండు గజాలు, కింద రాయి,
తాడుకు ఏడు ముడులు" అని మొదలువెట్టిన,
పట్టలే.
గీత దాటి, అంచు దాటి
కాయితం వెనుకకు తిరిగింది.

పదకొండు దాటినంక
డ్రైవరు కొమురెల్లికి ఫోను చేసిన.
నిద్రల ఉన్నడు పాపం.
"పొద్దున ఐదింటికే రా తమ్మీ,
ఇంక తొమ్మిది బావులున్నయి."